మోచేతి దాకా

పొద్దున ఏడున్నరకి ఆమె వచ్చేసరికి ఆస్పత్రి మెట్ల మీద తెల్లటి అడుగులు పడి ఉన్నాయి. మిల్లు మనుషులెవరో అప్పుడే లోపలికి వెళ్లారన్నమాట. తెల్లరాయిని పిండి చేసే మిల్లు అది. ఆ పిండి రంగుల్లోకీ, కాగితంలోకీ, పళ్లపొడిలోకీ పోతుంది. మిల్లులో పనిచేసేవాళ్లు ఎక్కడికి వెళ్లినా వెనకాల అడుగులు వదిలిపెడతారు. ల్యాబమ్మాయి వాటిని తొక్కకుండా మెట్టుమెట్టుకీ పక్కకి గెంతుతూ ఎక్కింది. పెళ్లయి డెబ్బై రెండు రోజులు. ఇలా గెంతడం ఎవరైనా చూస్తే నవ్వుతారని తెలుసు, అయినా కాళ్లు ఆగడం లేదు.

"వచ్చావా కొత్త పెళ్లికూతురా," అంది నర్సక్క. "నీకోసమే కాచుక్కూచున్నారు. దబ్బనాన్ని తీసుకొచ్చారు."

బస్తా మూతి కుట్టే పెద్ద సూది దబ్బనం. మిల్లులో బస్తాలు కుట్టే మనిషికి ఆ పేరే స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోట్లోనూ లేదు. యాభై ఏళ్లుండవు. బెంచీ మీద, గోడకి తల ఆనించి కూర్చున్నాడు. కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉన్నాయి. ఆయన పక్కన మిల్లు సూపర్వైజరు కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"తాగొచ్చాడు," అన్నాడు సూపర్వైజరు. "ఇది మూడోసారి. మొన్న బస్తాకి బదులు తన చొక్కా అంచే కుట్టేసుకున్నాడు. ఇవాళ పిండి పడే గొట్టం కింద నిలబడి, నన్ను పట్టుకుని 'ఎవరు బాబూ నువ్వు' అంటాడు. పన్నెండేళ్ల నుంచీ నా మొహం చూస్తున్న మనిషి!"

"మీ మొహం మర్చిపోవడం అంత పెద్ద జబ్బేం కాదులెండి," అంది నర్సక్క.

ల్యాబమ్మాయి నవ్వు బిగబట్టి కాగితం తీసుకుంది. 'రక్తంలో మద్యం పరీక్ష మాత్రమే చెయ్యగలరు.  ఫలితం వెంటనే పంపగలరు.' వాక్యానికీ వాక్యానికీ మధ్య రెండేసి ఖాళీలు. ఈ మిల్లు ఆఫీసులో అలా టైపు కొట్టే మనిషి ఒక్కడే, ఆమె మొగుడు. ఆయన పొద్దున ఆమె జడ చివర రిబ్బను ముడి వెయ్యడానికి పది నిమిషాలు పెనుగులాడి, చివరికి పీటముడి వేసి పారిపోయాడు. ఆ ముడి ఇంకా జడకి ఉంది. ఉత్తరం మీద ఆ రెండు ఖాళీలు చూడగానే ఆమెకి ముఖం వేడెక్కింది.

నర్సక్క అప్పటికే దూదిని స్పిరిట్‌లో ముంచింది.

"అక్కా, ఆగు ఆగు! స్పిరిట్ వద్దు. దానితో తుడిస్తే తాగనివాడు కూడా తాగుబోతు లెక్కలోకి వస్తాడు."

సబ్బునీళ్లతో మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత మేర తుడిచింది. తెల్లటి చేతి మీద ఆ చోటు నల్లగా, తడిగా కనిపించింది. రబ్బరు పట్టీ కట్టి నరం కోసం వేలితో నొక్కుతూ, గొంతు తగ్గించి అడిగింది. "తాగావా బాబాయ్?"

"నీళ్లు," అన్నాడు ఆయన. "కాసిని నీళ్లిస్తావా అమ్మా?"

సూపర్వైజరు పగలబడి నవ్వాడు. "చూశావా? నీళ్లంట!"

నెత్తురు గాజుగొట్టంలో గడ్డకట్టే దాకా ఆగి, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పింది. పైకి తేలిన పసుపురంగు సీరం తీసి పరీక్ష పెట్టింది. మద్యం లేదు. చుక్క కూడా లేదు. రెండోసారి పెట్టింది. లేదు.

ఆ గంటలో దబ్బనం మూడు సీసాల నీళ్లు తాగాడు. నాలుగుసార్లు గోడ పట్టుకుంటూ బయటికి వెళ్లొచ్చాడు. ఒకసారి వరండాలోనే వాంతి చేసుకున్నాడు. నోరు కడుక్కుని వచ్చి, మొలలో దోపుకున్న గుడ్డ మూట విప్పి, చిటికెడు తెల్లపొడి నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏంటది బాబాయ్?"

"పిండేనమ్మా. మిల్లు పిండి. మంట." రొమ్ము మీద అరచేత్తో రుద్దుకున్నాడు. "ఇది వేసుకుంటే చల్లబడుద్ది. కాసేపు."

ఆమె చేతిలో సీరం గొట్టం అలాగే ఉండిపోయింది. కాలేజీలో ముసలి మాస్టారొకాయన పాఠం చెబుతూ ఉన్నట్టుండి పుస్తకం మూసేసేవారు. 'పొట్టలో యాసిడ్ ఎక్కడి నుంచి వస్తుందర్రా? నెత్తుట్లోంచే. పొట్టకి ఎంత పులుపు ఇస్తుందో అంత క్షారం నెత్తుట్లో వెనక మిగిలిపోతుంది. అన్నం తిన్న ప్రతిసారీ మీ నెత్తుట్లో చిన్న పోటు వస్తుంది, సముద్రానికి వచ్చినట్టు.' ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందంటే పెళ్లయిన మూడో రోజునే మొగుడికి చెప్పేసింది. ఆయన ఆ రోజు నుంచీ అన్నం తిని లేవగానే మణికట్టు చాపుతాడు. 'పోటొచ్చిందేమో చూడు డాక్టరమ్మా.' అదొక ఆట.

ఇక్కడ ఆట ఏమీ లేదు. గొట్టంలో ఇంకా కాస్త సీరం మిగిలి ఉంది. కాగితం మీద 'మాత్రమే' అన్న మాట వంక చూసింది. తర్వాత అలమరలోంచి కాల్షియం పరీక్ష ద్రావణం సీసా తీసింది.

ఆ ద్రావణం సీరంతో కలిస్తే ఊదారంగు వస్తుంది. కాల్షియం ఎంత ఎక్కువుంటే రంగు అంత ముదురు. మామూలు మనిషి నెత్తురైతే లేత వంకాయపూల రంగు. ఐదు నిమిషాలు ఆగాలి. మూడో నిమిషానికే గొట్టం నేరేడుపండులా తిరిగింది.

పదింటికి డాక్టరుగారు వచ్చి, కిటికీ వెలుతురులో ఆ గొట్టం చూసి, తిరిగి స్టాండులో పెట్టేశారు.

"ఆ మనిషి ఒంటి నిండా ఉన్నదేమిటి? అదే కదా. నీ సూదితో పాటు లోపలికి పోయింది. ఎంత మేర తుడిచావు?"

ఆమె వేళ్లతో చూపించింది.

"అంతే మరి. అయినా అడగని పరీక్ష ఎందుకు చేశావమ్మా? మద్యం లేదని రాసి పంపెయ్."

పంపేసింది. సూపర్వైజరు కాగితం చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తాగకపోతే మరీ కష్టం," అన్నాడు. "తాగినవాడికి దిగుతుంది. తాగకుండానే తూలేవాణ్ణి మిషన్ దగ్గర ఎలా నిలబెట్టుకుంటాం?"

దబ్బనాన్ని చెరో రెక్కా పట్టుకుని లేపారు. గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా నర్సక్కకి దణ్ణం పెట్టి, "మీ ఇంట్లో నీళ్లు బావున్నాయమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం సందు మలుపులో సైకిల్ బెల్లు రెండుసార్లు మోగింది. రెండే. ఆమె పొయ్యి దగ్గర నుంచి పరుగున వచ్చి, పరిగెత్తలేదన్నట్టు తలుపు దగ్గర నింపాదిగా నిలబడింది. ఒక గది, ఒక వంటిల్లు, ఒక కిటికీ. కిటికీకి ఇద్దరూ కలిసి కుట్టిన తెర. ఆయన కుట్టిన సగం వంకర. ఆ వంకర వైపే ఆమెకి ఎక్కువ ఇష్టం.

ఆయన తింటుంటే ఎదురుగా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. కూర ఎర్రగా నిగనిగలాడుతోంది.

"ఎలా ఉంది?"

"నన్నెందుకు అడుగుతావు, కంచాన్ని అడుగు." కంచంలో మెతుకు మిగల్లేదు. చెంబెత్తి నీళ్లన్నీ గటగటా తాగి, మళ్లీ చెంబు చాపాడు. "ఇంకొంచెం."

"కారమైందా ఏమిటి?"

"అబ్బే. అమృతానికి దాహం ఎక్కువ."

ఆమె నీళ్లు పోస్తూ ఆయన చొక్కా జేబు మీద తెల్లటి మరక చూసి, వేళ్లతో దులిపింది. "కుర్చీలో కూచుని పనిచేసే మనిషికి పొడెక్కడ అంటిందండీ?"

"మిల్లు కదా. పిండి లేనిదెక్కడ? ఇదిగో, పోటొచ్చిందేమో చూడు," అంటూ మణికట్టు చాపాడు.

ఆమె పట్టుకుంది కానీ నవ్వలేదు. "దబ్బనం బాబాయ్‌ని ఏం చేస్తారు?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మూడుసార్లు మిషన్ దగ్గర తప్పు చేశాడు. సరైన కారణం చూపించకపోతే ఎల్లుండి నుంచి పనిలేదు. వారంలో గది కూడా ఖాళీ చెయ్యాలి, మిల్లు గది కదా. ఉత్తరం తయారుగా ఉంది. తేదీ ఒక్కటే వెయ్యలేదు."

"మీరే కొట్టారా?"

"ఇంకెవరు కొడతారు?"

మర్నాడు తెల్లవారగానే ఆమె మిల్లు గదుల వరసకి వెళ్లింది. సంచిలో నాలుగు గాజుగొట్టాలు. వాటిని రాత్రంతా యాసిడ్‌లో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో ఏడుసార్లు కడిగింది. ఇంకో రెండు పెద్ద సీసాల నిండా అవే నీళ్లు. తప్పు తనదైతే తనదేనని తేలిపోవాలి.

దబ్బనం పెళ్లాం తలుపు తీసింది. సన్నగా, చురుగ్గా ఉంటుంది పిన్ని. మాట ముందు, మనిషి వెనక. "రా అమ్మా. ఆయన లేచే ఉన్నాడు కానీ ఇక్కడ లేడు. పొద్దున నన్ను 'అక్కా' అన్నాడు. ఇన్నేళ్ల కాపురానికి అదీ బహుమానం."

పొయ్యి మీద పాలు కాగుతున్నాయి.

"తిండి తింటున్నాడా?"

"తిండెక్కడిది? నాలుగు నెలల్నుంచీ పాలే. మిల్లులో పదింటికి ఒక గ్లాసు ఇస్తారు. అందరికీ ఇస్తారులే, ఆఫీసు వాళ్లక్కూడా. ముక్కుకి గుడ్డలివ్వండయ్యా అని అడిగితే పాలు పెట్టారు, దుమ్ము కడుక్కుపోద్దంట. ఇంటికొచ్చాక నేను రెండు పూటలా పోస్తాను. కడుపులో మంటకి పాలు చల్లన కదా. మంట తగ్గకపోతే చిటికెడు పిండి. అక్కడందరికీ అలవాటే. ఎదురుగా కొండంత పిండి పెట్టుకుని మందుల కొట్టుకి ఎవరు పోతారు?"

"ముందు చెయ్యి కడగాలి పిన్నీ. మోచేతి పైదాకా. బేసిన్ పట్టుకో."

సబ్బు రాసింది. మొదటి నీళ్లు పాలలా దిగాయి. గోళ్ల సందుల్లో, ముంజేతి వెంట్రుకల మొదళ్లలో, మోచేతి ముడతల్లో పిండి గచ్చులా పట్టుకుని ఉంది. కొబ్బరిపీచుతో మెల్లగా రుద్దింది. రెండో నీళ్లు. మూడో నీళ్లు. నాలుగోసారికి బేసిన్ అడుగు కనిపించింది. అప్పుడు సీసా మూత తీసి డిస్టిల్డ్ వాటర్ సన్నని ధారగా పోసి, ఉతికి ఆరేసిన గుడ్డతో అద్దింది. దబ్బనం చిన్నపిల్లాడిలా చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. ఒళ్లంతా తెల్లగా, చెయ్యి ఒక్కటే మోచేతి దాకా చామనఛాయలో నిగనిగలాడుతూ, ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టు ఉంది.

"ఈయన చెయ్యి ఈ రంగా?" అంది పిన్ని. "నేనే మర్చిపోయాను." ఒక్క క్షణం తన చెయ్యి దాని పక్కన పెట్టి చూసుకుంది.

రబ్బరు పట్టీ కట్టి, నరం దొరకగానే విప్పేసింది. ఎక్కువసేపు బిగిస్తే కూడా లెక్క పెరుగుతుంది. ఏ సాకూ మిగలకూడదు.

ఈసారి ల్యాబులో రంగు రెండో నిమిషానికే వచ్చింది. నీళ్లు కలిపి పలచన చేసి, మళ్లీ కొలిచి, గుణించింది. కాల్షియం పదిన్నర దాటకూడని చోట పదిహేను. కిడ్నీల పరీక్ష కూడా పెట్టింది. అదీ బాగా లేదు.

డాక్టరుగారు అంకె చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు. "చెయ్యి కడిగావా?"

"మోచేతి పైదాకా. నాలుగు బేసిన్ల నీళ్లు."

ఆయన ఫోను అందుకుని పెద్దాస్పత్రికి చేశారు. ఒకసారి మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమెతో అన్నారు. "నిన్ననే వినాల్సింది."

బండి వచ్చేలోగా పిన్ని ల్యాబు గుమ్మంలో నిలబడి అడిగింది. "ఏం జబ్బమ్మా? నాకర్థమయ్యేట్టు చెప్పు."

"పిండి పొట్టలో పులుపుని చల్లారుస్తుంది పిన్నీ, నిజమే. కానీ పిండిలో ఉన్న కాల్షియం, పాలల్లో ఉన్నది, రెండూ నెత్తుట్లోకి ఎక్కుతాయి. నెత్తుట్లో అది ఎక్కువైతే పొట్టకి కబురెళ్తుంది, ఇంకా పులుపు తయారు చెయ్యమని. పొట్ట చేస్తుంది. మళ్లీ మంట. మళ్లీ చిటికెడు. అలా పేరుకుని పేరుకుని మెదడు మబ్బేసింది, కిడ్నీలు మందగించాయి. తూలింది అందుకే."

"అంటే ఆర్పుతున్నాననుకుని ఆజ్యం పోస్తున్నాడన్నమాట," అంది నర్సక్క.

పిన్ని చేతులు కొంగుతో తుడుచుకుంటూ, "గ్లాసులో పోసింది నేనే కదా," అంది. తడి లేని చేతుల్ని తుడుచుకుంటూనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నానికి పెద్దాస్పత్రి నుంచి కబురొచ్చింది. సెలైన్లు ఎక్కిస్తున్నారు, కాల్షియం దిగుతోంది, దబ్బనం పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచాడు. కిడ్నీలు మాత్రం పూర్తిగా కోలుకుంటాయో లేదో చెప్పలేమన్నారు. డాక్టరుగారు రిపోర్టు రాశారు. మద్యం లేదు. జబ్బు పనిచోట అలవాటైన పిండి వల్లా, పాల వల్లా వచ్చింది. ఆ రిపోర్టు కింద పరీక్ష చేసినవారి చోట సంతకం పెడుతుంటే ల్యాబమ్మాయికి వేళ్ల చివర్లు జివ్వుమన్నాయి. తాగుబోతు అన్న మాట పోయింది. సరైన కారణం దొరికింది. ఇంటికి వెళ్తూ దారిలో అరడజను అరటిపళ్లు కొంది, మొగుడికి ఇష్టం. సందులో ఎవరూ లేకుండా చూసి నాలుగడుగులు గెంతింది కూడా.

సైకిల్ బెల్లు మోగలేదు. తలుపు తోసుకుని ఆయనే వచ్చాడు. చేతిలో మడిచిన కాగితాలు బల్ల మీద పెట్టి, చెంబెత్తి నీళ్లు తాగాడు. మళ్లీ ముంచుకుని తాగాడు.

మొదటి కాగితం దబ్బనానికి. నెలల తరబడి మిల్లు సరుకు తిన్నట్టు వైద్య నివేదికలోనే రుజువైంది కనుక, సరుకు కాజేసిన నేరం కింద పనిలోంచి తొలగించడమైనది. వారంలో గది ఖాళీ చెయ్యవలెను. రెండోది అందరికీ. వైద్య నివేదిక ప్రకారం పాలు హానికరం కనుక రేపటి నుంచి పాలు నిలిపివేయడమైనది. ఇకమీదట ఎవరి రక్తంలోనైనా పిండి తిన్న జాడ కనిపిస్తే వారిపైనా ఇదే చర్య ఉంటుంది. నివేదిక సంఖ్య, తేదీ, పరీక్ష చేసినవారి సంతకం ఉన్నట్టు ఒక పంక్తి. వాక్యానికీ వాక్యానికీ మధ్య రెండేసి ఖాళీలు.

రెండుసార్లు చదివింది. "ముక్కుగుడ్డల సంగతేమిటి?"

"ఆ మాట రాయమనలేదు."

"నా రిపోర్టు నంబరు మాత్రం ఒక్క అంకె తప్పు లేకుండా కొట్టారు."

"చెప్పింది కొట్టాను."

"చెయ్యి ఆగలేదా?"

"ఆగితే ఇంకోడు కొడతాడు."

"ఇంకోడు కొడితే, ఇంకోడి పెళ్లాం ఇవాళ ఏడ్చేది." అంతకుముందెప్పుడూ ఆ గదిలో ఆమె అంత గట్టిగా మాట్లాడలేదు. కిటికీ తెర వంకరసగం వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయన్ని నిలబెడదామని చేశాను. నా చేత్తోనే ఇల్లు పీకించారు."

వడ్డిస్తే ఆయన తిన్నాడు. కంచం మెతుకు లేకుండా ఖాళీ చేశాడు. మణికట్టు చాపలేదు. ఆమె గ్లాసు తియ్యబోతే అంచు మీద తెల్లటి వేలిముద్ర కనిపించింది. పిండి లేనిదెక్కడ, అనుకుని కొంగుతో తుడిచేసింది.

నాలుగో రోజు పొద్దున లేచేసరికి పక్క ఖాళీ. "ఆఫీసులో తొందర పని" అని చీటీ. ఎప్పుడూ చివర గీసే బొమ్మ లేదు. జడ తనే వేసుకుని, రిబ్బను తనే ముడేసుకుని ఆస్పత్రికి నడిచింది.

మెట్ల దగ్గర ఆగిపోయింది. ఇవాళ గెంతడానికి చోటు లేదు. మెట్టు మెట్టంతా అడుగులే, అడుగు మీద అడుగు. వాటి మధ్య నీటి చుక్కలు పడి పిండి ముద్దలు కట్టింది.

వరండాలో వాళ్లు గోడ వెంట వరసగా నిలబడ్డారు. గొట్టం దగ్గర పనిచేసే ఇద్దరు అన్నదమ్ములు, జల్లెడ పట్టే ఆడవాళ్లు నలుగురు, బస్తాలు మోసేవాళ్లు, కాపలావాడు. జుట్టూ ముఖాలూ బట్టలూ తెల్లగా ఉన్నాయి. అందరి కుడిచేతులూ మోచేతి పైదాకా కడిగి ఉన్నాయి. బట్టలకి తగలకుండా ఆ చేతుల్ని ముందుకి చాపి పట్టుకున్నారు. రకరకాల చేతులు, ఎవరి రంగు వాళ్లకి తిరిగొచ్చినట్టుంది. వరసకి ముందు పిన్ని, చేతిలో బకెట్టూ కొబ్బరిపీచూ.

"నువ్వు చెప్పినట్టే కడిగించాను," అంది పిన్ని. "నాలుగేసి నీళ్లు. అయిదోది నీ సీసాలో మిగిలిన నీళ్లు. ఒక్కడు తింటే దొంగ అన్నారు. ఇక్కడ అందరూ తిన్నారు. అందరికీ చెయ్యి తల్లీ. ఎంతమందిని దొంగలంటారో చూద్దాం."

"పనులు పోతాయి పిన్నీ. కాగితంలో రాసే ఉంది."

"పని పోద్దని ఊరుకుంటే మనిషే పోయేట్టున్నాడు," అన్నాడు అన్నదమ్ముల్లో పెద్దవాడు. "నాకు రెండు నెలల్నుంచీ దాహం. మావాడు నిన్న నా చెప్పులు కాపలావాడికి ఇచ్చి, కాపలావాడి చెప్పులు నాకు ఇచ్చాడు."

"అది వాడికి పుట్టుకతోనే ఉంది, పిండి మీదికి నెట్టకు," అంది జల్లెడ పట్టే ఆవిడ. వరసలో నవ్వు పుట్టి, ఎవరిదో దగ్గు తెరలో కలిసిపోయింది.

నర్సక్క సూదుల ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది. "పదిమందితో చావు పెళ్లితో సమానం అంటారు. కూచోండి, ఒక్కొక్కరే."

"అక్కా, చీటీ లేకుండా చెయ్యద్దని డాక్టరుగారు నిన్న గట్టిగా చెప్పారు. అడగని పరీక్ష అంటారు మళ్లీ."

"చీటీలున్నాయి," అంది పిన్ని, కొంగు ముడి విప్పుతూ.

పన్నెండు కాగితాలు. మిల్లు పేరు అచ్చేసిన కాగితాలే. ఒక్కోదాని మీద ఒక్కో మనిషి అసలు పేరు, హాజరుపట్టీలో ఉన్న పేరు. 'వీరికి పనిచోట పిండి వల్ల అనారోగ్యం కలిగిందేమో తెలియవలసి ఉన్నది.  రక్తంలో కాల్షియం పరీక్ష చేసి ఫలితం పంపగలరు.' మధ్యలో రెండు ఖాళీలు.

ఆమె తలెత్తి వరస చివరికి చూసింది.

అక్కడ, జల్లెడ ఆవిడ వెనక, ఇస్త్రీ చొక్కా కుడి చెయ్యి భుజం దాకా మడుచుకుని ఆమె మొగుడు నిలబడ్డాడు. చేతి నుంచి నీళ్లు బూట్ల మీద కారుతున్నాయి. ఆమెని చూసి నవ్వబోయి, కుదరక, చెయ్యి ఇంకాస్త చాపాడు.

ఆమె అప్పుడు దగ్గరకి వెళ్లలేదు. వరస ప్రకారమే పిలిచింది. పట్టీ, సూది, గొట్టం, దూది. పట్టీ, సూది, గొట్టం, దూది. పదకొండు మంది. పన్నెండోవాడు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"చీటీలు కొట్టి ఇచ్చి వెళ్లిపోవచ్చుగా," అంది, తల ఎత్తకుండా. "ఆ కాగితం మీద కొట్టినందుకే మిమ్మల్ని ఉంచరు. ఇంకా వరసలో ఎందుకు నిలబడ్డారు?"

ఆయన ఎడమ చేత్తో జేబు తడిమి, నాలుగు మడతల కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. మడతల్లోంచి తెల్లపొడి రాలింది.

"మొదటి వారం నుంచే," అన్నాడు. "నువ్వలా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చుంటే... కారం ఎక్కువైందని ఎలా చెప్పను? మంట వచ్చేది. పక్కవాళ్లు చిటికెడు వేసుకో అన్నారు. తర్వాత రెండు చిటికెలు."

వెనక పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పట్టీ కట్టింది. ఎంత సన్న నరమైనా ఒక్క పోటుకి అందుకునే చెయ్యి ఆమెది. ఇప్పుడు రెండోసారికి దొరికింది. పట్టీ వెంటనే విప్పేసింది.

సీరం తేలాక పన్నెండు గొట్టాలూ స్టాండులో వరసగా పెట్టి, ద్రావణం కొలిచి పోసింది. బయట మిల్లు జీపు వచ్చి ఆగిన చప్పుడైంది. మెట్ల మీద సూపర్వైజరు గొంతు, ఎవరు పంపారు మిమ్మల్ని అని. ఎవరూ కదల్లేదు. తడి ఆరిన చేతులు అలాగే చాపుకుని నిలబడ్డారు.

ఐదు నిమిషాలు ఆగాలి. ఆయన మోచేతి మడతలో దూది నొక్కుకుని ఎదురుగా కూర్చున్నాడు. మెల్లగా రెండో చెయ్యి బల్ల మీదికి జరిపి, మణికట్టు తిప్పి పెట్టాడు.

"పోటొచ్చిందేమో చూడు," అన్నాడు.

ఆమె పట్టుకుంది. వేళ్ల కింద అది కొట్టుకుంటోంది. మూడో నిమిషానికి గొట్టాలు ఒకటొకటిగా ముదురుతున్నాయి. ఎడమ నుంచి మొదలుపెట్టి ఒక్కోదాన్నే చూసుకుంటూ వచ్చింది. పదకొండో దాని దగ్గర ఆగి, కళ్లు మూసుకోకుండా, పన్నెండోదాని వైపు తిరిగింది. వంకాయపూల రంగు దాటిపోయింది. ఇంకా తిరుగుతోంది.